ఫ్రాన్స్‌లో మాస్టర్స్ – నా అనుభవం (చదువు గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ)

ఫ్రాన్స్‌లో చదువు గురించి నన్ను అడిగేవాళ్ళు ముందు ఫీజు ఎంత అంటారు, తర్వాత పార్ట్‌టైమ్ దొరుకుతుందా అంటారు, ఆ తర్వాత ఫ్రెంచ్ రాకపోతే నడుస్తుందా అంటారు. బర్త్ సర్టిఫికెట్ గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే, అయినా వరుసలోనే చెప్తాను.

మాది కాకినాడ. పక్కనే యానాం, 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ పాలనలో ఉన్న ఊరు, ఇప్పటికీ ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అంత దగ్గర్లో పెరిగినా మా ఇంట్లో ఫ్రాన్స్ అనగానే నాన్న అన్న మొదటి మాట "అమెరికా ఏమైందమ్మా?" అనే. నేను బీటెక్ ఈసీఈ, చిప్‌ల తయారీ వైపు వెళ్ళాలని ఉండేది. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం పేపర్లు తిరగేస్తుంటే రాసినవాళ్ళ పేర్ల కింద ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్ అనే ఊరు పదే పదే కనబడేది. వెతికితే తెలిసింది, చిప్‌ల మీద పనిచేసే సీఈఏ-లేటి పరిశోధన కేంద్రం ఆ ఊళ్ళోనే ఉంది, పక్కన క్రోల్‌లో ఎస్టీ మైక్రోఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉంది, ఎస్ఓఐ వేఫర్లు, అంటే చిప్‌ల తయారీకి వాడే ఒక రకం సిలికాన్ పలకలు చేసే సోయ్‌టెక్ కూడా ఆ చుట్టుపక్కలే. ఊరు చిన్నది, పని మాత్రం నాకు కావలసిందే. పైగా ఇంగ్లిష్‌లో నడిచే మాస్టర్స్ కోర్సులు అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలోనే ఉన్నాయి.

ఫీజు సంగతి చెప్పేస్తాను. నేను చేరిన 2023లో ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళకు నిర్ణయించిన ఫీజు ఏడాదికి 3,770 యూరోలు, అప్పటి రేటులో మూడున్నర లక్షల లోపు. అదే క్లాసులో ఫ్రెంచ్ విద్యార్థి కట్టేది 243. 2019కి ముందు అందరికీ ఒకటే ఫీజు ఉండేదట, ఆ ఏడాది మన లాంటి వాళ్ళకు పెంచి, ఆ పథకానికి 'ఫ్రాన్స్‌కు స్వాగతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పెట్టినవాళ్ళెవరో గానీ మంచి హాస్యప్రియులు. కొన్ని యూనివర్సిటీలు ఈ పెంపును పూర్తిగానో కొంతో మాఫీ చేస్తాయి, ఏ యూనివర్సిటీ ఎవరికి చేస్తుందన్నది ఏటా మారొచ్చు, కాబట్టి వాళ్ళ సైట్లోనే చూసుకోవాలి. దీనికి తోడు సీవీఈసీ అని విద్యార్థి జీవితం కోసం ఒక రుసుము ఉంటుంది, ఆ ఏడాది 100 యూరోలు, అది కట్టిన రసీదు లేకపోతే రిజిస్ట్రేషనే కాదు.

ఇవేవీ హైదరాబాద్‌లో నేను వెళ్ళిన కన్సల్టెన్సీ చెప్పలేదు. ప్రభుత్వ యూనివర్సిటీ మాటెత్తకుండా ప్రైవేటు బిజినెస్ స్కూళ్ళ బ్రోషర్లు ముందు పరిచారు, ఏడాదికి పన్నెండు వేలు, పదిహేను వేలు, అవన్నీ యూరోల్లోనే. కమిషన్ ఎక్కడ వస్తే మాట అటే తిరుగుతుంది, అందులో ఆశ్చర్యమేం లేదు. మంచి బిజినెస్ స్కూళ్ళు లేవని కాదు, ఉన్నాయి, కానీ ఇంజినీరింగ్ చదివి ఎలక్ట్రానిక్స్‌లో ఉండాలనుకునే పిల్లకు 'లగ్జరీ బ్రాండ్ మేనేజ్‌మెంట్' ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్లికేషన్ మొత్తం సొంతంగా చేసుకోవచ్చు. విదేశీ విద్యార్థుల కోసం ఫ్రెంచ్ ప్రభుత్వం నడిపే క్యాంపస్ ఫ్రాన్స్ అనే సంస్థ వాళ్ళ 'ఎత్యూద్ ఆన్ ఫ్రాన్స్' పోర్టల్లో అకౌంట్ తెరిచి టెన్త్, ఇంటర్, బీటెక్ మెమోలు, సీవీ, ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసిన లెటర్, అడ్మిషన్ వచ్చాక ఆ లెటర్, అన్నీ ఎక్కించాలి, ఫీజు కట్టాలి, తర్వాత వాళ్ళతో ఇంటర్వ్యూ. దాని గురించి అనవసరంగా టెన్షన్ పడతారు. ఈ కోర్సే ఎందుకు, బీటెక్‌లో చేసిన ప్రాజెక్టు ఏంటి, చదివాక ఏం చేస్తావు, డబ్బు ఎవరు పెడుతున్నారు, ఇంతే. నెట్‌లో దొరికిన లెటర్ కాపీ కొట్టిన వాళ్ళకు మాత్రం అక్కడ కష్టం, ఎందుకంటే ఆ లెటర్లో రాసిన దాని మీదే అడుగుతారు. అది అయ్యాక వీసా అపాయింట్‌మెంట్, వేలిముద్రలు. డబ్బు కింద నెలకు 615 యూరోల చొప్పున ఏడాదికి సరిపడా, అంటే 7,380 చూపించాలి, నేను బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్ పెట్టాను. 615తో బతకొచ్చా అంటే, పారిస్‌లో చాలా కష్టం, గ్రెనోబ్ల్‌లో ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే దాదాపు బతకొచ్చు.

ఇక బర్త్ సర్టిఫికెట్. మన దగ్గర పుట్టిన తేదీకి రుజువు అంటే పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ నుంచి బ్యాంకు దాకా అదే చెల్లుతుంది. ఫ్రాన్స్‌లో టెన్త్ మెమో ఎవరికీ అక్కర్లేదు. మనిషి ఉన్నాడనడానికి, ఎవరి బిడ్డో చెప్పడానికి వాళ్ళకు జనన ధ్రువపత్రమే ఆధారం, అందులో తల్లిదండ్రుల పేర్లు కూడా ఉండి తీరాలి. నాది బీరువా అడుగు నుంచి తీస్తే అందులో నా పేరే లేదు. ఆడపిల్ల, ఫలానా దంపతులకు, ఫలానా తేదీన అని ఉంది, పేరు గడి ఖాళీ. బారసాల తర్వాత వెళ్ళి పేరు చేర్పించుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, మా క్లాసులో చాలామందిదీ ఇదే కథ. "టెన్త్ సర్టిఫికెట్ ఉందిగా, అందులో తేదీ ఉందిగా" అని నాన్న పాపం మూడు రకాలుగా వాదించారు. చివరికి అర్జీ, అఫిడవిట్, స్కూల్ రికార్డు, అన్నీ పట్టుకుని ఆయనే తిరిగి పేరు ఎక్కించారు. అదయ్యాక ఇంకో చిక్కు, అమ్మ పేరు అందులో ఒక స్పెల్లింగ్, నా పాస్‌పోర్ట్‌లో ఇంకో స్పెల్లింగ్. మనకది చిన్న విషయం. ఫ్రెంచ్ ఫైల్లో ఒక అక్షరం తేడా వస్తే ఇద్దరు అమ్మలు అయినట్టే, కాబట్టి అదీ సరిచేయించాం.

ఆ తర్వాత అపోస్టిల్, అంటే మన కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా చేసే ధ్రువీకరణ. రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ అయి, విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఇది ఇండియాలో ఉండగానే చేయించుకోండి, అక్కడికి వెళ్ళాక కొరియర్లలో పంపించుకోవడం అంత నరకం ఇంకోటి లేదు. అనువాదం మాత్రం ఫ్రాన్స్‌లోనే, అక్కడి కోర్టుల జాబితాలో ఉన్న ప్రమాణ అనువాదకుల దగ్గర చేయించుకోవడం మేలు. మన సర్టిఫికెట్ మీద తెలుగుతో పాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్ అనువాదకులు సరిపోతారు, తెలుగు వచ్చినవాళ్ళ కోసం వెతకక్కర్లేదు. అనువాదానికి ఇచ్చేముందు అపోస్టిల్ ఉన్న వెనక వైపు కూడా స్కాన్ చేసి పంపండి, అదీ అనువాదం కావాలి. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు ఒకే గడిలో పెట్టించుకున్న వాళ్ళు మన దగ్గర బోలెడు, వాళ్ళు వీసాకి ముందే అది సరిచేసుకుంటే తర్వాత ప్రతి ఫారం దగ్గరా వివరణ ఇచ్చుకునే బాధ తప్పుతుంది.

సెప్టెంబర్లో లియోన్ ఎయిర్‌పోర్టులో దిగి బస్సులో గ్రెనోబ్ల్ వెళ్ళాను. మూడు వైపులా కొండలు, షార్త్రూజ్, బెల్‌డోన్, వెర్కోర్. కొండలు చూసేంత తీరిక మాత్రం మొదటి నెలలో లేదు, ఎందుకంటే అక్కడ ప్రతి కాగితానికీ ఇంకో కాగితం కావాలి. ఇల్లు అద్దెకివ్వాలంటే ఫ్రాన్స్‌లో జీతం వచ్చే గ్యారంటర్ కావాలంటారు. బ్యాంకు అకౌంట్ తెరవాలంటే ఇంటి అడ్రస్ రుజువు కావాలంటారు. ఇంటి అద్దె కట్టాలంటే బ్యాంకు అకౌంట్ కావాలంటారు. ఇంటి తాళాలివ్వాలంటే ఇంటి ఇన్సూరెన్స్ కాగితం చూపించమంటారు, ఆ ఇన్సూరెన్స్ కట్టడానికి మళ్ళీ బ్యాంకు కార్డు. మొదటి వారం ఇది పిచ్చెక్కిస్తుంది. కానీ దీనికో వరుస ఉంది, అది పట్టుకుంటే ముడి విడిపోతుంది.

గ్యారంటర్‌కి 'విజాల్' అని ఒకటుంది, అద్దె కట్టలేకపోతే మన తరఫున పూచీ ఉండే పథకం, విద్యార్థులకు ఉచితం. వీసా చేతికొచ్చిన రోజే అప్లై చేయొచ్చు, అంటే విమానం ఎక్కకముందే. ఆ సర్టిఫికెట్ అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే చేతిలో ఉండాలి. యూనివర్సిటీ హాస్టళ్ళు చూసే క్రూస్‌లో గది దొరికితే అదృష్టం, నాకు దొరకలేదు, ట్రామ్ లైన్ దగ్గర చిన్న స్టూడియో తీసుకున్నాను. ఇంటర్నెట్‌లో ఇల్లు చూపించి, ఓనర్ విదేశంలో ఉన్నాడు, ముందు డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి అనేవాళ్ళు ఎక్కువే, ఎంత చవగ్గా కనిపించినా చూడని ఇంటికి డబ్బు పంపకండి. ఒప్పందం మీద సంతకమయ్యాక మన దగ్గర ఉన్న ఫారెక్స్ కార్డుతోనే ఇంటర్నెట్‌లో ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు, ఆ కాగితంతో తాళాలు, తాళాలతో అడ్రస్ రుజువు, దాంతో బ్యాంకు, బ్యాంకు నుంచి 'రిబ్' అనే అకౌంట్ వివరాల కాగితం. ఈ రిబ్ చేతికొచ్చాకే మనం ఆ దేశంలో ఉన్నట్టు లెక్క. ఫోన్ ప్లాన్, ట్రామ్ పాసు, అద్దె సాయం, డాక్టర్ డబ్బు వాపసు, అన్నీ అదే అడుగుతాయి.

మధ్యలో మర్చిపోకూడనిది వీసా వాలిడేషన్. మనకిచ్చే విద్యార్థి వీసానే రెసిడెన్స్ పర్మిట్ కూడా, కాకపోతే దిగిన 3 నెలల్లో ఆన్‌లైన్లో దాన్ని ధ్రువీకరించుకోవాలి, నేను 50 యూరోలు కట్టాను. అది చేయకపోతే సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడం కష్టమైపోతుంది. అద్దె సాయం 'కాఫ్' అనే సంస్థ ఇస్తుంది, నేనున్నప్పుడు నాకు అద్దెలో కొంత తిరిగొచ్చేది, మొదటి నెలకు రాదు, తర్వాత నెలల నుంచి. ఈ సాయం విషయంలో విదేశీ విద్యార్థుల నిబంధనలు మారుతున్నాయి, కాబట్టి నా మాట పట్టుకుని బడ్జెట్ వేసుకోకండి. వస్తే సంతోషం అనుకోండి.

హెల్త్ ఇన్సూరెన్స్‌కి విదేశీ విద్యార్థుల కోసం అమెలి (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ళ ప్రత్యేక సైటు ఉంది, నమోదు ఉచితం. నాన్న తిప్పలు పడి చేయించిన ఆ బర్త్ సర్టిఫికెట్, అనువాదంతో సహా, ఇక్కడ పనికొచ్చింది. ముందు ఒక తాత్కాలిక నంబర్ ఇస్తారు, కాగితాలన్నీ సరిచూశాక శాశ్వత నంబర్. ఆ నంబర్లో మన జాతకం ఉంటుంది, ఆడవాళ్ళకు 2తో మొదలు, మగవాళ్ళకు 1, తర్వాత పుట్టిన ఏడాది, నెల, విదేశంలో పుడితే 99, భారతదేశానికి 223. శాశ్వత నంబర్ వచ్చేలోపు జ్వరమొస్తే డాక్టర్‌కి మొత్తం చేతి నుంచి ఇచ్చి, ఆయనిచ్చిన ఫారం దాచుకోండి, తర్వాత పంపితే వాళ్ళ వాటా తిరిగొస్తుంది. నవంబర్‌లో చలికి నాకొచ్చిన దగ్గు ఫారం నేనలాగే దాచాను, చలి పోయాక డబ్బొచ్చింది.

చదువు గురించి. లెక్చర్లు వేరు, లెక్కలు చేయించే క్లాసులు వేరు, ల్యాబులు వేరు, మూడూ మూడు రకాలుగా నడుస్తాయి. మార్కులు 20కి. 10 వస్తే పాస్, 14 వస్తే బాగా చదివినట్టు, 16 దాటితే ప్రొఫెసర్ పేరు పెట్టి గుర్తుపెట్టుకుంటాడు. మొదటి పరీక్షలో 12 వచ్చిందని మా క్లాసులో తెలంగాణ నుంచి వచ్చిన తమ్ముడొకడు తెల్లమొహం వేశాడు, బీటెక్‌లో తొంభై శాతం చూసిన ప్రాణం మరి. పక్కన ఫ్రెంచ్ అమ్మాయి తన 11 చూసుకుని హాయిగా కాఫీకి వెళ్ళింది. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కులు రావు. డేటా ఇచ్చి, ఈ కొలత ఎందుకు తప్పో చెప్పమంటారు. ల్యాబ్ రిపోర్టుల్లో ఎర్రర్ లెక్క, అంటే కొలత ఎంత అటూ ఇటూ కావొచ్చో ఆ లెక్క, లేకపోతే మిగతాది చదవను కూడా చదవరు. మనం బీటెక్‌లో ల్యాబ్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చి దించిన వాళ్ళం, ఈ మార్పుకి ఒక సెమిస్టర్ పట్టింది. ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలవడం నాకు చివరిదాకా అలవాటు కాలేదు, మెయిల్లో ఎప్పుడూ 'ప్రొఫెసర్' అనే రాశాను, వాళ్ళూ ఏమీ అనుకోలేదు.

కోర్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఊరు ఇంగ్లిష్‌లో ఉండదు. బ్యాంకు, డాక్టర్, ఇంటి ఓనర్, ఎలక్ట్రిసిటీ వాడి ఫోన్, అన్నీ ఫ్రెంచ్‌లోనే. క్లాసులో కూడా బోర్డు మీద ఇంగ్లిష్, టీ బ్రేక్‌లో ఫ్రెంచ్. షాపులోకి వెళ్ళి 'బోన్‌జూర్' అనకుండా నేరుగా విషయం అడిగితే మొహం మారిపోతుంది, అది అన్నాక మన ఫ్రెంచ్ ఎంత చెత్తగా ఉన్నా ఓపిగ్గా వింటారు. వెళ్ళేముందు ఫ్రెంచ్ ఏ2 స్థాయి దాకా (ఏ1 మొదటి మెట్టు, తర్వాత ఏ2, ఆపైన బీ1) నేర్చుకుని వెళ్తే జీవితం వేరేగా ఉంటుంది. నేను ఏ1తో వెళ్ళాను, అక్కడ యూనివర్సిటీ సాయంత్రం క్లాసుల్లో బీ1 దాకా లాగాను. ఆదివారం దుకాణాలు చాలావరకు ఉండవు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. బియ్యం, కందిపప్పు దొరుకుతాయి, గోంగూరకీ మంచి కారానికీ పారిస్‌లో లా షపెల్ దగ్గర శ్రీలంక తమిళుల కొట్లు దిక్కు. యూనివర్సిటీ క్యాంటీన్లో నేను చేరిన 2023లో 3.30 యూరోలకి పూర్తి భోజనం దొరికేది, శాకాహారులకు రోజూ ఏదో ఒకటి ఉంటుంది, ఆ 'ఏదో ఒకటి' ఎక్కువసార్లు శనగలే.

పార్ట్‌టైమ్ సంగతి సూటిగా చెప్తాను. చట్టప్రకారం ఏడాదికి 964 గంటలు చేయొచ్చు. ఫ్రెంచ్ రాకుండా గ్రెనోబ్ల్ లాంటి ఊళ్ళో దొరికేవి తక్కువ, ఖర్చులు దాంతో వెళ్ళిపోతాయని లెక్కేసుకుని రాకండి. ఫుడ్ డెలివరీ అంటారు, దానికి సొంతంగా వ్యాపారిగా నమోదు కావాలి, విద్యార్థి పర్మిట్ మీద అది కుదరదు. వేరేవాళ్ళ అకౌంట్ అద్దెకు తీసుకుని తిరిగే వాళ్ళని చూశాను, దొరికితే పర్మిట్‌కే ఎసరు.

రెండో ఏడాది చివరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్, వాళ్ళు 'స్తాజ్' అంటారు. 2 నెలలు దాటితే డబ్బు ఇచ్చి తీరాలి, 2024లో కనీసం గంటకి 4.35 యూరోలు. మా రంగంలో వెళ్ళేవాళ్ళకి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. చిప్‌లు, నానో మీద పనిచేసే ల్యాబులు చాలావరకు 'జెడ్ఆర్ఆర్' అనే నియంత్రిత ప్రాంతాలు, లోపలికి అడుగు పెట్టాలంటే ప్రభుత్వం వైపు నుంచి భద్రతా పరిశీలన కావాలి, అది 2 నెలల దాకా పట్టొచ్చు. ఫిబ్రవరిలో మొదలవ్వాల్సిన దానికి జనవరిలో ఒప్పందం కుదిరితే ఆలస్యం ఖాయం. నేను అక్టోబర్ నుంచే మెయిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను, నవంబర్లో ఒక ల్యాబ్ ఒప్పుకుంది, కాగితాలు పంపాక పండగ సెలవులన్నీ ఫోన్ చూస్తూ గడిపాను. కాదన్నా కారణం చెప్పరు కాబట్టి, ఒకటి ఖాయమయ్యేదాకా ఇంకోటి చేతిలో ఉంచుకోవడమే మంచిది. మా సీనియర్ అక్క ఒకామె ఈ మాట చెప్పబట్టి నేను బయటపడ్డాను.

పర్మిట్ రెన్యువల్ ఆన్‌లైన్లోనే, గడువుకి 4 నెలల ముందు నుంచి 2 నెలల ముందు లోపు పెట్టుకోవాలి. మార్కుల షీట్లు, డబ్బు రుజువు, ఇంటి రుజువు. క్లాసులకి పోకుండా, పరీక్షలు రాయకుండా ఉన్నవాళ్ళకి ఇక్కడ ఇబ్బంది వస్తుంది, చదువు నిజంగా సాగుతోందా అని చూస్తారు.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి వేరే కార్డు ఇస్తారు. భారతీయులకు మాస్టర్స్ తర్వాత ఏడాది, దాన్ని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు, 2018లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చిన వెసులుబాటు. నేనిప్పుడు ఆ కార్డు మీదే ఉన్నాను, ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాను, అవి సగం ఫ్రెంచ్‌లోనే. ఇంకో మాట, స్తాజ్ డబ్బు తక్కువే కాబట్టి పన్ను పడలేదు కదా అని ఊరుకోకండి. వసంతంలో టాక్స్ డిక్లరేషన్ వేయండి. కట్టాల్సింది సున్నా అని ఒక నోటీసు వస్తుంది, తర్వాత ఇల్లు మారేటప్పుడు ఓనర్లు ముందు అడిగే కాగితం అదే.